చెఫ్ నైఫ్ కొంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

వంద రూపాయల కత్తి బేగంబజార్‌లో దొరుకుతుంది, పది వేల కత్తి ఫోన్‌లో దొరుకుతుంది. హోటల్ కిచెన్లలో పనిచేసి ఇప్పుడు ఇళ్లలో వండుకునేవాళ్లకు కత్తి పట్టడం నేర్పుతున్నాను. అందరూ మొదట అడిగేది "ఏ కంపెనీది కొనమంటారు?" అనే. నేను తిరిగి అడిగేది "మీ ఇంట్లో సాన ఎవరు పడతారు?" అని.

అపోహ: ఉక్కు ఎంత గట్టిదైతే కత్తి అంత మంచిది.

వాస్తవం: ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెప్తారు. జర్మన్ తరహా కత్తులు 56–58 దగ్గర ఉంటాయి, జపాన్‌వి చాలావరకు 60, ఆ పైన. గట్టి ఉక్కుకు పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, నిజమే. కానీ దాంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. పైగా జపాన్ కత్తుల వాదర పలచన, ఒక్కో వైపు 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. దాంతో నల్లి బొక్క కొట్టినా, ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్ మీద పెట్టి నొక్కినా వాదర నుంచి చిన్న పెచ్చు ఊడిపోతుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే నెలవంక లాంటి గంటు కనిపిస్తుంది. అది పోవాలంటే వాదర మొత్తాన్నీ గంటు అడుగు దాకా అరగదీయాల్సిందే.

మన ఇళ్లలో ఒకే కత్తి అత్తగారి చేతిలో, పనమ్మాయి చేతిలో, అర్ధరాత్రి మ్యాగీ చేసుకునే పిల్లాడి చేతిలో తిరుగుతుంది. అలాంటి ఇంటికి కాస్త మెత్తటి ఉక్కే నయం. దాని వాదర విరిగేలోపు వంగుతుంది, వంగినదాన్ని సరిచేసుకోవచ్చు. జర్మన్ కత్తుల్లో ఎక్కువగా వాడే 1.4116 నంబరు ఉక్కు ఈ రకమే: కార్బన్ సుమారు అర శాతం, క్రోమియం 15 శాతం దాకా. బొక్కల పని మాత్రం ఏ చెఫ్ నైఫ్‌తోనూ వద్దు, మటన్ షాపులోనే కొట్టించుకోండి.

అపోహ: స్టీల్ రాడ్ మీద నాలుగుసార్లు రుద్దితే సాన పట్టినట్టే.

వాస్తవం: రాడ్ ఒరిగిపోయిన వాదరను నిలబెడుతుంది, అంతే. అరిగిపోయిన వాదరకు రాయి కావాలి. ఇంటికి 1000 గ్రిట్ (రాయి గరుకుదనాన్ని చెప్పే అంకె) సానరాయి ఒక్కటి చాలు. సైకిల్ చక్రం మీద సాన పట్టేవాళ్ల దగ్గర కత్తిపీట పట్టించండి, బ్రహ్మాండంగా పడతారు. పలచటి చెఫ్ నైఫ్ మాత్రం ఇవ్వొద్దు. చక్రం వేడికి వాదర నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఇక పదును నిలవదు.

అపోహ: నీటి అలల్లాంటి గీతలుంటే అసలైన డమాస్కస్ ఉక్కు.

వాస్తవం: ఇప్పటి డమాస్కస్ వంటింటి కత్తుల్లో చాలావరకు రకరకాల ఉక్కు పొరల్ని అతికి, ఆమ్లంలో ముంచి గీతలు తేలుస్తారు. కోసే పని మధ్యలో ఉన్న ఒక్క పొరదే. చౌక కత్తుల మీదవి చాలాసార్లు లేజర్‌తో గీసినవే. తమాషా ఏంటంటే, పేరుపొందిన పాత డమాస్కస్ కత్తులకు మూసల్లో కరిగించిన వూట్జ్ ఉక్కు మన నేల నుంచే వెళ్లేది. నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చి పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కుకూ, ఆన్‌లైన్‌లో కనిపించే ఈ డిజైన్‌కూ సంబంధం లేదు. చూడ్డానికి బాగుంటే కొనుక్కోండి, పదును కోసమని మాత్రం కొనకండి.

అపోహ: పదును ఎక్కువైతే వేళ్లు తెగుతాయి.

వాస్తవం: మొద్దు కత్తి టమాటా తొక్క మీద జారి వేలి మీదికొస్తుంది. జారేది బలం పెట్టి నొక్కినందుకే.

అపోహ: గ్రానైట్ గట్టు మీద కోసినా ఏం కాదు.

వాస్తవం: ఎంత మంచి కత్తినైనా గ్రానైట్, గాజు పలక, స్టీలు పళ్లెం వారంలో మొద్దు చేసేస్తాయి. చెక్కది గానీ, ప్లాస్టిక్‌ది గానీ బోర్డు వాడండి. కింద తడిగుడ్డ పరిస్తే కదలదు.

అపోహ: స్టెయిన్‌లెస్ కాబట్టి తుప్పు పట్టదు.

వాస్తవం: చింతపండు, ఉప్పు, నిమ్మరసం అంటిన కత్తిని సింక్‌లో వదిలేస్తే చుక్కలు పడతాయి. కడిగి వెంటనే తుడిచేయాలి. డిష్‌వాషర్‌లో వేయొద్దు.

అపోహ: కాల్చి సాగగొట్టిన కత్తే గొప్ప, రేకులోంచి కోసి చేసింది తక్కువ రకం.

వాస్తవం: విక్టోరినాక్స్ కంపెనీ ఫైబ్రాక్స్ కత్తులు రేకులోంచి కోసినవే, హోటల్ కిచెన్లలో రోజంతా ఆడతాయి. షాపులో అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది కత్తి మందం. వాదరకు కాస్త పైన మందంగా ఉంటే క్యారెట్ తెగదు, పగులుతుంది. తర్వాత వాదరను పైకి తిప్పి లైటు కింద పట్టండి. తెల్లగా మెరిసే చుక్కలు ఎక్కడ కనిపిస్తే అక్కడ పదును లేదు. చివరగా బొటనవేలు, చూపుడువేలితో పిడి ముందు భాగంలో ఉక్కునే పట్టుకుని, ఉల్లిగడ్డ కోస్తున్నట్టు బల్ల మీద ఆడించండి. వేళ్ల కణుపులు బల్లకు తగిలితే ఆ కత్తి వెడల్పు మీ చేతికి చాలదు. పొడవు 8 అంగుళాలు మామూలు, బోర్డు చిన్నదైతే 6 చాలు.