జావా బిల్డ్‌లో స్టాటిక్ అనాలిసిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: స్టాటిక్ అనాలిసిస్ (కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతకడం) ప్లగిన్ పెట్టేశాం, బిల్డ్ గ్రీన్‌గానే ఉంది. ఇక కోడ్‌కి ఢోకా లేదు.

వాస్తవం: ఆ గ్రీన్‌ని చూసి మురిసిపోకండి. మావెన్ అనే బిల్డ్ టూల్‌లో చెక్‌స్టైల్ ప్లగిన్‌కి (కోడ్ రాసే పద్ధతిని చూసేది) గూగుల్ రూల్స్ ఫైల్ ఇచ్చి, చెక్ గోల్ (తప్పులుంటే బిల్డ్ ఆపే పని) పెట్టారనుకుందాం. ఆ ఫైల్ తప్పులను మామూలుగా వార్నింగ్ కిందే లెక్కేస్తుంది. ప్లగిన్ ఏమో, మనం సెట్టింగ్ మార్చకపోతే, ఎర్రర్ వస్తేనే బిల్డ్ ఆపుతుంది. వార్నింగులు లాగ్‌లో బారులు తీరతాయి, బిల్డ్ మాత్రం పాసవుతుంది. వయొలేషన్ సివియారిటీని (ఏ స్థాయి తప్పుకు బిల్డ్ ఆపాలో చెప్పే సెట్టింగ్) వార్నింగ్‌కి దించితేనే పని జరుగుతుంది.

ఇంకో మెలిక ఉంది. ఈ చెక్ గోల్ మామూలుగా నడిచేది వెరిఫై ఫేజ్‌లో, అంటే టెస్టుల తర్వాత వచ్చే దశలో. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్‌ని తానే నడిపే వ్యవస్థ) టెస్ట్ ఫేజ్ దగ్గరే ఆపేస్తే దాని వంతు రానే రాదు. గ్రేడిల్ అనే మరో బిల్డ్ టూల్‌లోనూ అంతే, టెస్ట్ టాస్క్ కాదు, చెక్ టాస్క్ నడపాలి. అందుకే ఏ ప్లగిన్ పెట్టినా ముందు కావాలని ఒక తప్పు రాసి, బిల్డ్ ఫెయిలవుతుందో లేదో చూస్తాను.

అపోహ: యూనిట్ టెస్టులు బాగా ఉంటే ఇదంతా దండగ.

వాస్తవం: రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను ఈక్వల్స్ మెథడ్‌తో కాకుండా '==' పెట్టి పోల్చారనుకోండి. టెస్టులో ఐడీ 100 ఇస్తాం, పాస్. ప్రొడక్షన్‌లో ఐడీ 1000 వస్తుంది, విలువ ఒకటే అయినా సమానం కాదంటుంది. ఎందుకంటే '==' చూసేది రెండూ ఒకే ఆబ్జెక్టా అని. ఆటోబాక్సింగ్‌లో (మామూలు సంఖ్యను ఆబ్జెక్టుగా మార్చడం) -128 నుంచి 127 వరకు జావా ఒకే ఆబ్జెక్టును మళ్లీ మళ్లీ ఇస్తుంది, ఆపైన ఆ హామీ లేదు. టెస్టు రాసినవాళ్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు, స్పాట్‌బగ్స్ అనే స్టాటిక్ అనాలిసిస్ టూల్ మాత్రం ఆ లైన్‌ని పట్టేస్తుంది.

అపోహ: ఒక టూల్ ఉంటే చాలు.

వాస్తవం: చెక్‌స్టైల్, పీఎండీ (ఇలాంటిదే ఇంకో టూల్) మనం రాసిన సోర్స్‌ని చదువుతాయి. స్పాట్‌బగ్స్ కంపైలైన బైట్‌కోడ్‌ని చదువుతుంది. దొరికే తప్పులూ వేరే. (స్పాట్‌బగ్స్‌కి ముందున్న ఫైండ్‌బగ్స్‌నే ఇంకా వాడుతున్నవాళ్లు ఉన్నారు. దాని చివరి విడుదల 2015లో, మారండి బాబూ!)

అపోహ: పాత ప్రాజెక్టులో ఇవి పెట్టలేం, వేలల్లో తప్పులు చూపిస్తాయి.

వాస్తవం: మొదటి రోజే రూల్స్ అన్నీ ఆన్ చేస్తే టీమ్ తల పట్టుకుంటుంది, ఆ టెన్షన్ భరించలేక ఎవరో ఒకరు ఇగ్నోర్ ఫెయిల్యూర్స్ (తప్పులున్నా బిల్డ్ ఆపని సెట్టింగ్) పెట్టేస్తారు. స్పాట్‌బగ్స్‌కి ఇప్పటి రిపోర్టునే బేస్‌లైన్‌గా ఇవ్వండి, పాతవి పక్కకు పోయి కొత్త తప్పులకే బిల్డ్ ఆగుతుంది. నిజంగా తప్పుడు అలారం అయితే సప్రెస్ అనోటేషన్ (ఆ హెచ్చరికను ఆపమని కోడ్‌లో పెట్టే గుర్తు) ఉంది, అందులో జస్టిఫికేషన్, అంటే కారణం, రాసే చోటూ ఉంది. అది ఖాళీగా వదిలేసిన కోడ్‌ని నేను రివ్యూలో వెనక్కి పంపిస్తాను.