జోర్డాన్ ఒక్కడే, కోచ్‌లు ఇద్దరు

1989 మే 7. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని రిచ్‌ఫీల్డ్ కొలీజియం. ఎన్‌బీఏ, అంటే అక్కడి వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్, ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం సాగే నాకౌట్ దశ) మ్యాచ్. క్లీవ్‌లాండ్ కావలియర్స్ 100, షికాగో బుల్స్ 99. ఆట ముగియడానికి ఇంకా 3 సెకన్లే ఉన్నాయి. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో అదే ఆఖరిది, ఓడితే షికాగో ఇంటికే. బ్రాడ్ సెల్లర్స్ గీత బయటి నుంచి బంతి అందించాడు. మైకేల్ జోర్డాన్ దాన్ని అందుకుని ఫ్రీత్రో గీత దగ్గరికి దూసుకొచ్చి పైకి లేచాడు. అడ్డుకోవడానికి అతడితో పాటే ఎగిరిన క్రెయిగ్ ఈలో కిందికి జారిపోతున్నాడు, జోర్డాన్ మాత్రం ఇంకా గాలిలోనే ఉన్నాడు. బంతి బాస్కెట్‌లో పడింది. 101-100. బుల్స్ కోచ్ డగ్ కాలిన్స్ పూనకం వచ్చినవాడిలా కోర్టు మీదికి పరుగెత్తాడు. ఆ చివరి దాడికి వేసిన పథకం ఏమిటని తర్వాత అడిగితే అతడు చెప్పిన సారం ఇది: బంతి మైకేల్‌కు ఇవ్వండి, మిగతావాళ్లంతా పక్కకు తప్పుకోండి.

రెండు నెలలు తిరిగేసరికి, ఆ జూలైలోనే, కాలిన్స్ ఉద్యోగం పోయింది.

అతడి స్థానంలోకి వచ్చిన ఫిల్ జాక్సన్ తర్వాతి తొమ్మిదేళ్లలో షికాగోకు ఆరు టైటిళ్లు తెచ్చాడు. అందుకే ఈ ఇద్దరి కథను చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: కాలిన్స్ జోర్డాన్ మీద ఆధారపడ్డాడు, జాక్సన్ జోర్డాన్‌కు జట్టుగా ఆడటం నేర్పాడు. వినడానికి బాగుంటుంది కానీ లెక్కలు దీన్ని ఒప్పుకోవు. కాలిన్స్ చివరి సీజన్‌లో జోర్డాన్ మ్యాచ్‌కు సగటున 32.5 పాయింట్లు చేశాడు. జాక్సన్ మొదటి సీజన్‌లో ఆ సగటు 33.6కు పెరిగింది! తగ్గినవి అసిస్టులు, అంటే తోటివాడు పాయింట్ చేయడానికి దారితీసే పాస్‌లు. అవి 8.0 నుంచి 6.3కు, ఆ మరుసటి ఏడాది 5.5కు పడిపోయాయి. 'అందరికీ బంతి పంచడం నేర్పిన' కోచ్ దగ్గర జోర్డాన్ పాస్‌ల లెక్క తగ్గిందన్నమాట. అసలు సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

కాలిన్స్ ఆటగాడిగా చిన్నవాడేమీ కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో, సోవియట్ యూనియన్ మీద 3 సెకన్లు మిగిలి ఉండగా రెండు ఫ్రీత్రోలు (ఫౌల్‌కు బదులుగా దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు) వేసి అమెరికాను 50-49 ఆధిక్యంలోకి తెచ్చింది అతడే. ఆ తర్వాత ఆ మూడు సెకన్లను మళ్లీ మళ్లీ ఆడించడం, సోవియట్ జట్టు 51-50తో గెలవడం, అమెరికన్లు రజతాన్ని నిరాకరించడం ఈ నాటికీ చల్లారని వివాదం. 1973లో కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికై ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. గాయాలు అతడి ఆటను తొందరగా ముగించేశాయి. టీవీ వ్యాఖ్యాతగా ఉన్నవాడిని 1986లో బుల్స్ జనరల్ మేనేజర్ జెర్రీ క్రాస్ కోచ్‌గా తీసుకొచ్చినప్పుడు అతడికి 34 ఏళ్లు. విజయం చేతిలోకి వచ్చి జారిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆటలో ప్రతి క్షణాన్నీ తన గుప్పిట్లోనే ఉంచుకోవాలనుకున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహే అనుకోండి.

క్రికెట్‌లో మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. బాస్కెట్‌బాల్‌లో గీత పక్కన నిలబడిన కోచ్ ప్రతి దాడికీ ఒక ఎత్తుగడ పేరు కేకేసి చెప్పవచ్చు. కాలిన్స్ ఆ పనిని ప్రాణం పెట్టి చేసేవాడు. ఎదుటి జట్టు ఎలా నిలబడితే తాను ఏం చేయాలో అతడి బుర్రలో ఎప్పుడూ తిరుగుతూ ఉండేది. ఎత్తుగడలు డజన్ల కొద్దీ, ఎక్కువ భాగం జోర్డాన్ చుట్టూనే. అది తెలివితక్కువ పనేమీ కాదు. అప్పటి ఎన్‌బీఏ నిబంధనల్లో జోన్ డిఫెన్స్, అంటే మనిషిని కాకుండా చోటును కాపలా కాయడం, నిషిద్ధం. మిగతా నలుగురు ఆటగాళ్లనూ ఒక పక్కకు లాగేస్తే ప్రత్యర్థులు వాళ్ల వెంటే పోక తప్పదు. మిగిలిన సగం కోర్టులో జోర్డాన్‌కు ఎదురుగా ఒక్కడే మిగులుతాడు. ఆ ఒక్కడు ఎవరైనా సరే, బేరం షికాగోకే లాభం. ఫలితాలూ వచ్చాయి. అతడు రాకముందు సీజన్‌లో 30 మ్యాచ్‌లే గెలిచిన జట్టు 40, 50, 47 గెలిచింది. 1989లో కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లింది.

ఆ ఏడాది మార్చిలో కాలిన్స్ ఇంకో అడుగు ముందుకేసి జోర్డాన్‌ను పాయింట్ గార్డ్ చేశాడు. అంటే ప్రతి దాడీ అతడి చేతి నుంచే మొదలవుతుంది. జోర్డాన్ 11 మ్యాచ్‌లలో 10 ట్రిపుల్ డబుల్స్ (ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, అసిస్టుల వంటి మూడు లెక్కల్లో రెండంకెలు అందుకోవడం) కొట్టాడు. ఆ సీజన్‌లోని 8 అసిస్టుల సగటులో ఈ ఆట వాటా పెద్దదే. కాలిన్స్ దగ్గర జోర్డాన్ స్వార్థంగా ఆడాడనేవాళ్లు ఈ నెల రోజులను మరిచిపోతారు. అప్పుడూ అతడు పంచాడు. కాకపోతే ఎవరికి, ఎప్పుడు అన్నది అతడొక్కడే తేల్చాడు. మిగతావాళ్లు చేయి చాచి నిలబడేవాళ్లు.

దీన్ని చీల్చి చూపింది డెట్రాయిట్ పిస్టన్స్. కోచ్ చక్ డేలీ జోర్డాన్ కోసమే ప్రత్యేకంగా ఒక కాపలా పద్ధతి తయారు చేశాడు. బంతి రాగానే ఇద్దరు ముగ్గురు మీద పడటం, లోపలికి వస్తే కింద పడేయడం. 'జోర్డాన్ రూల్స్' అని పేరుపడింది. 1989 కాన్ఫరెన్స్ ఫైనల్లో మొదట 2-1 ఆధిక్యంలో ఉన్న షికాగో తర్వాత మూడూ ఓడింది. అయిదో మ్యాచ్‌లో జోర్డాన్ వేసిన షాట్లు మొత్తం ఎనిమిదే. మూలస్తంభాన్ని కట్టేస్తే ఇల్లు ఏమవుతుందో అందరూ చూశారు.

ఈ లోపల అదే బెంచీ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. టెక్స్ వింటర్. 1985లో క్రాస్ అతడిని సహాయ కోచ్‌గా తెచ్చేనాటికి 63 ఏళ్లు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గురువు శామ్ బ్యారీ దగ్గర నేర్చుకున్న పద్ధతిని పెంచి, 1962లో పుస్తకంగా కూడా రాశాడు. అదే తర్వాత ట్రయాంగిల్ అఫెన్స్‌గా ప్రసిద్ధమైంది. కాలిన్స్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1987లో సహాయకుడిగా చేరిన ఫిల్ జాక్సన్ మాత్రం వింటర్ పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాడు.

జాక్సన్‌కు ఈ పాఠం కొత్తదేమీ కాదు. మోంటానాలో పెంటెకోస్టల్ ప్రచారకుల ఇంట పుట్టి, న్యూయార్క్ నిక్స్‌కు ఆడి, 1973 టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అక్కడి కోచ్ రెడ్ హోల్జ్‌మన్ మంత్రం ఒక్కటే: ఎవడు ఖాళీగా ఉంటే వాడికి బంతి. తర్వాత చిన్న లీగ్‌లో ఆల్బనీ పేట్రూన్స్‌కు కోచ్‌గా 1984లో టైటిల్ తెచ్చాడు.

1988 క్రిస్మస్‌కు ముందు మిల్వాకీలో ఒక మ్యాచ్. కాలిన్స్‌ను రిఫరీలు బయటికి పంపేశారు. వెళ్తూ వెళ్తూ తన ఎత్తుగడల కార్డులను జాక్సన్ చేతిలో పెట్టాడు. జట్టు బాగా వెనకబడి ఉంది. జాక్సన్ ఆ కార్డులను పక్కన పెట్టి, కోర్టు పొడవునా ప్రత్యర్థిని ఒత్తమని, దాడిలో మీకు తోచినట్టు ఆడమని చెప్పాడు. షికాగో తేరుకుని గెలిచింది. ఇద్దరి మధ్య తేడాకు నాకు ఆ కార్డులే గుర్తుకొస్తాయి.

ట్రయాంగిల్ పైకి సాదాసీదాగానే కనిపిస్తుంది. బాస్కెట్‌కు దగ్గరగా ఒకడు, మూలలో ఒకడు, పక్క అంచున ఒకడు, ముగ్గురూ త్రిభుజంగా నిలబడతారు. రెండో వైపు ఇద్దరు. మనిషికి మనిషికి 15 నుంచి 18 అడుగుల ఎడం ఉండాలి. ఎత్తుగడకు పేరుండదు, కేక ఉండదు. మొదటి పాస్ ఎటు వెళ్లిందో చూసి మిగతా నలుగురూ కదులుతారు. కాపలావాడు మూల దారి మూస్తే అంచు తెరుచుకుంటుంది, అంచు మూస్తే లోపలి దారి. ఏ దారి మూసుకుందో ఆటగాడు తన కళ్లతో చూసి తేల్చుకోవాలి. అందుకే నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, మొదట్లో అందరూ తడబడతారు. జోర్డాన్‌కు మొదట ఇది నచ్చలేదు. ఆటను కాచి వడబోసినవాడికి ఓనమాలు దిద్దించినట్టు అనిపించి ఉంటుంది.

జాక్సన్ అతడికి ఒక లెక్క చూపించాడు. లీగ్‌లో అత్యధిక సగటు ఉన్న ఆటగాడి జట్టే టైటిల్ కూడా గెలవడం 1971లో కరీం అబ్దుల్ జబ్బార్ తర్వాత మళ్లీ జరగలేదు. పాయింట్లు తగ్గించుకో అన్నది ఇందులో కొంత భాగమే, అదీ జోర్డాన్ పెద్దగా పాటించలేదు. మారింది దాడి మొదలయ్యే చోటు. బంతి పైకి తెచ్చే పనిలో స్కాటీ పిపెన్ వాటా పెరిగింది. అతడి అసిస్టులు 3.5 నుంచి 5.4కు, తర్వాత 6.2కు చేరాయి. జోర్డాన్ అసిస్టులు తగ్గిన కిటుకు ఇదే. అతడిప్పుడు ప్రతి దాడికీ మొదలు కాదు, చాలాసార్లు ముగింపు. డెట్రాయిట్‌కు ఎవరి మీద పడాలో ముందే తెలియకుండా పోయింది.

అయినా 1990లో ఏడో మ్యాచ్ దాకా వెళ్లి పిస్టన్స్ చేతిలోనే ఓడారు. 1991లో అదే జట్టును 4-0తో ఊడ్చేశారు. ఫైనల్లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ మీద అయిదో మ్యాచ్. జోర్డాన్ చుట్టూ జనం మూగుతున్నారు. టైమ్‌అవుట్‌లో, అంటే కోచ్ ఆట ఆపించి మాట్లాడే కొద్దిపాటి విరామంలో, జాక్సన్ అడిగింది ఒకటే: ఎవరు ఖాళీగా ఉన్నారు? జాన్ పాక్సన్ అని జోర్డాన్ జవాబు. ఆఖరి నిమిషాల్లో పాక్సన్ 10 పాయింట్లు చేశాడు, మొత్తం 20. 108-101. ఆ ఏడాది అత్యధిక సగటు కూడా జోర్డాన్‌దే. జాక్సన్ చూపించిన లెక్క తప్పని అలా ఇద్దరూ కలిసి రుజువు చేశారు.

జాక్సన్ గురించి ధ్యానం, అమెరికా మూలవాసుల లకోటా తెగ గుర్తులు, ఆటగాళ్లకు పుస్తకాల కానుకలు అంటూ చాలా చెబుతారు. నాకు వాటికన్నా అతడు టైమ్‌అవుట్ తీసుకోకుండా కూర్చోవడమే పెద్ద విషయంగా తోస్తుంది. ప్రత్యర్థి వరుసగా పాయింట్లు కొట్టుకుపోతుంటే కాలు మీద కాలేసుకుని చూసేవాడు. మీరే తేల్చుకోండి అన్నట్టు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ నాటినా మొలిచే విత్తనం కాదు. 2014లో న్యూయార్క్ నిక్స్ అధ్యక్షుడిగా జాక్సన్ దాన్ని అక్కడ నాటబోయి విఫలమయ్యాడు. షికాగోలో జోర్డాన్, పిపెన్ ఉన్నారు. అందులో పిపెన్, హొరేస్ గ్రాంట్ 1987లో కుర్రాళ్లుగా వచ్చి కాలిన్స్ చేతుల్లోనే రాటుదేలారు. 1989లో జాక్సన్‌కు అందినది దాదాపు ఆ జట్టే.

2001లో జోర్డాన్ వాషింగ్టన్ విజార్డ్స్‌లో బాస్కెట్‌బాల్ వ్యవహారాలు చూసే స్థానంలో ఉండి, కోచ్‌ను తానే ఎంచుకునే అవకాశం వచ్చింది. జాక్సన్ అప్పటికి లేకర్స్‌లో ఉన్నాడు. జోర్డాన్ పిలిచింది డగ్ కాలిన్స్‌ను. కొన్ని నెలలకు తానూ మళ్లీ జెర్సీ వేసుకుని అతడి కింద ఆడాడు. రెండు సీజన్లూ 37 గెలుపులు, 45 ఓటములు. ప్లేఆఫ్స్ ఒక్కసారీ అందలేదు.