కిడ్నీ లెక్కలో చర్మం రంగు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కిడ్నీ మార్పిడి జాబితాలో ఉన్న తెలుగువాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "నల్లవాళ్లని రెండేళ్లు ముందుకి జరిపారంట కదండీ, మరి మేం వెనక్కి పోయినట్టేనా?" వాట్సాప్‌లో దీనికి 'కిడ్నీల్లో రిజర్వేషన్' అని పేరు కూడా పెట్టేశారు. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగేసి గంటలు డయాలిసిస్ కుర్చీలో గడిపే మనిషి ఆ మాట వింటే కంగారు పడడా? పడతాడు. కంగారు పడ్డవాళ్లకి ఎన్నిసార్లయినా విడమరిచి చెప్పొచ్చు. విషయం తెలుసుకోకుండా ఫార్వర్డ్ కొట్టేవాళ్లతోనే చిక్కు. వాళ్లలో మన డాక్టర్లు కూడా ఉండటం మరీ చిక్కు.

అపోహ: నల్లజాతి రోగులకు క్యూలో ముందు చోటు ఇచ్చారు

ముందు క్యూ ఎలా నడుస్తుందో చూడండి. చనిపోయిన దాత కిడ్నీ కోసం పెద్దవాళ్ల వెయిటింగ్ టైమ్ రెండే రకాలుగా మొదలవుతుంది. డయాలిసిస్ మొదలైన రోజు నుంచి ఒకటి. డయాలిసిస్ దాకా రాకముందే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో రక్తపరీక్షతో వేసే అంచనా, జబ్బు ముదిరేకొద్దీ తగ్గుతుంది) 20కి గానీ అంతకన్నా కిందికి గానీ పడితే, జాబితాలో పేరు చేరి ఆ రిపోర్టు నమోదైన రోజు నుంచి రెండోది. ఆ రెండో దారి విలువైనది. డయాలిసిస్ ముఖం చూడకుండానే మార్పిడి జరిగే అవకాశం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఒక మగమనిషి, వయసు 50, రక్తంలో క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ బయటికి పంపాల్సింది) 3.6. ఈజీఎఫ్ఆర్ కట్టే 2009 నాటి సీకేడీ-ఎపి ఫార్ములాలో వేస్తే ఈజీఎఫ్ఆర్ 18.6 వస్తుంది. అదే మనిషి ఫారంలో 'బ్లాక్' అని టిక్కు పెట్టి ఉంటే ఫలితాన్ని 1.159తో గుణించేవారు. అప్పుడు 21.5. రక్తం అదే, కిడ్నీ అదే. చాలా ల్యాబులు ఈ రెండు అంకెలనూ ఒకే రిపోర్టులో ఒకదాని కింద ఒకటి ముద్రించేవి: ఆఫ్రికన్ అమెరికన్ అయితే ఇంత, కాకపోతే ఇంత. మొదటి వరుస చూసుకోవాల్సిన మనిషికి జాబితాలో టైమ్ మొదలవదు. రెండో వరుస మనిషికి ఆరోజే మొదలవుతుంది.

దీని ఖరీదు ఎంతో వేసి చూడండి. 1.159తో గుణించాక కూడా 20కి రావాలంటే గుణించని అంకె 17.3 దాకా పడాలి. ఏడాదికి రెండు పాయింట్ల చొప్పున తగ్గే కిడ్నీ 20 నుంచి 17.3కి రావడానికి దాదాపు 16 నెలలు పడుతుంది. నెమ్మదిగా తగ్గేవాళ్లకి ఇంకా ఎక్కువ. ఆ నెలలన్నీ ఆ మనిషి అర్హుడై ఉండి కూడా క్యూ బయటే నిలబడ్డాడు. ఇక్కడితో అయిపోలేదు. నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరికి పంపడం, మార్పిడి గురించి మాట్లాడటం, డయాలిసిస్ కోసం చేతిలో ఫిస్టులా (రక్తనాళాల కలయిక) వేయించడం, అన్నీ ఈ అంకె చూసే మొదలవుతాయి. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా ఆలస్యమే.

2021 సెప్టెంబరులో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ కలిసి వేసిన టాస్క్‌ఫోర్స్ జాతి గుణకం (ఆ 1.159) లేని కొత్త ఫార్ములా, సీకేడీ-ఎపి 2021, వాడమంది. అవయవాల పంపిణీని నడిపే జాతీయ వ్యవస్థ ఓపీటీఎన్, 2022 జులై 27 నుంచి జాబితా అర్హతకు గుణకం వాడటాన్ని నిషేధించింది. సరే, ఇకముందు వచ్చేవాళ్లకి సరిపోయింది. అప్పటికే జాబితాలో ఉండి నెలలు, ఏళ్లు పోగొట్టుకున్నవాళ్ల సంగతి? అందుకే 2023 జనవరి 5 నుంచి ఇంకో నిబంధన వచ్చింది. ప్రతి ఆసుపత్రీ తన జాబితాలోని నల్లజాతి రోగుల పాత రిపోర్టులు తీసి, పాత లెక్కలో 20 పైన ఉండి కొత్త లెక్కలో 20కి గానీ కిందికి గానీ వచ్చే తేదీ దొరికితే, ఆ కాగితాలు జతచేసి వెయిటింగ్ టైమ్ సరిదిద్దమని ఓపీటీఎన్‌కి పంపాలన్నారు. గడువు 2024 జనవరి 3గా పెట్టారు. ఆ ఏడాది మార్చి మధ్యకి 14,300 మందికి పైగా తేదీలు సరయ్యాయి, సగటున రెండేళ్ల చొప్పున.

కాగితం లేనిదే తేదీ మారదు. ఊరికే జాతి చూసి ఎవరికీ ఒక్కరోజు కలపలేదు. మన దగ్గర ఓటరు జాబితాలో పేరు గల్లంతైనవాడు దరఖాస్తు పెట్టుకుని మళ్లీ చేర్పించుకుంటే, దాన్ని రెండో ఓటు అనం కదా.

మరి మీకేమైంది? ఏమీ కాలేదు. మీ తేదీ కదల్లేదు. మీకు గుణకం ఎప్పుడూ వేయలేదు కాబట్టి మీకు సరిదిద్దాల్సిందీ లేదు. మీకన్నా ముందుకి ఎవరైనా వచ్చి ఉంటే, వాళ్లు మొదటినుంచీ అక్కడ ఉండాల్సినవాళ్లే. ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం చూసి కంగారుపడ్డవాళ్లకి ఇంకో మాట: జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఏ జాతివారైనా సరే, ఆ సమాచారం పంపాలన్నది నిబంధన. మీ పేరు తీసేశామని దాని అర్థం కాదు.

నిజంగా మీ నిరీక్షణని సాగదీసేది బ్లడ్ గ్రూపు. మనలో బి గ్రూపు దాదాపు మూడో వంతు మంది. అమెరికా తెల్లవారిలో పదోవంతు దగ్గర. దాతల్లో ఎక్కువమంది తెల్లవారు కాబట్టి బి గ్రూపు కిడ్నీలు చాలవు. నల్లజాతివారిలో బి గ్రూపు అయిదో వంతు దాకా ఉంటుంది, అంటే ఈ కొరతలో వాళ్లూ మనమూ ఒకే వరుసలో ఉన్నాం. 2014 డిసెంబరు నుంచి ఏ2 రకం (ఏ గ్రూపులోనే ఒక ఉపరకం, దీన్నే నాన్-ఏ1 అంటారు) దాతల కిడ్నీలు బి గ్రూపువారికి ఇవ్వడానికి ప్రాధాన్యం ఉంది. కానీ అది దానంతటది జరగదు. యాంటీ-ఏ టైటర్ పరీక్ష (ఏ గ్రూపుని ఎదిరించే యాంటీబాడీలు మీ రక్తంలో ఎంతున్నాయో చూసేది) చేయించాలి, మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆసుపత్రి దాదాపు ప్రతి 90 రోజులకోసారి మీ అర్హతను ధ్రువీకరించాలి. ఆ గడువు దాటితే ఆ ఆఫర్లు మీకు రావు. ఆసుపత్రిలో మీ మార్పిడి కోఆర్డినేటర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇదీ: "నాన్-ఏ1 కిడ్నీలకి నేను అర్హుడినా, చివరిసారి ఎప్పుడు ధ్రువీకరించారు?" రిజర్వేషన్ గురించి వాదించే గంటలో ఈ ఫోన్ చేసుకోండి.

అపోహ: వాళ్లకి కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ, గుణకం సైన్సే

రెసిడెన్సీకి వచ్చిన మన పిల్లలు కూడా ఇది అప్పజెబుతారు, పుస్తకంలో అలాగే ఉండేది మరి. గుణకం 1999లో, సీకేడీ-ఎపి కన్నా ముందున్న ఎండీఆర్‌డీ ఫార్ములాతో వచ్చింది. ఆ అధ్యయనంలో 1,628 మంది, అందులో నల్లజాతివారు 12 శాతం. అయోథలమేట్ అనే పదార్థాన్ని ఎక్కించి నేరుగా కొలిచిన కిడ్నీ వడపోత రేటు సమానంగా ఉన్నా, వాళ్ల క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువ కనిపించింది. కారణం తేల్చకుండానే ఆ తేడాని గుణకంగా ఫార్ములాలో పెట్టేశారు. కండ గురించిన వివరణ దానికి తగిలించింది. ఫార్ములాలో కండ కొలత ఎక్కడా లేదు. ఉన్నది ఒక గడి, ఒక టిక్కు.

ఆ గడి ఎంత గట్టిదో చూద్దాం. అలబామాలో ఏడు తరాలుగా ఉన్న కుటుంబం, నిన్న దిగిన ఇథియోపియా విద్యార్థి, తల్లి తెల్లజాతి తండ్రి నల్లజాతి అయిన అబ్బాయి, ముగ్గురికీ ఒకే 1.159. మన సంగతి తీసుకున్నా అంతే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు 'తెల్లవారు' కారని తీర్పిచ్చి పౌరసత్వానికి అడ్డుపడింది. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవారి గడిలోనే కలిపారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి వచ్చింది. ఈ మార్పులకి మన కిడ్నీలు ఏమీ మారలేదు.

"మరి జన్యువులకి సంబంధమే లేదా?" ఉంది, కానీ అది వేరే చోట. ఏపీఓఎల్1 అనే జన్యువులో జీ1, జీ2 అనే రెండు రకాలు పశ్చిమ ఆఫ్రికా పూర్వీకులున్నవారిలో ఎక్కువ. నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా నుంచి రక్షణ ఇస్తాయి కాబట్టి అక్కడ నిలిచాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే కిడ్నీ జబ్బు ముప్పు పెరుగుతుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో అలా ఇద్దరి నుంచీ వచ్చినవారు సుమారు 13 శాతం. మిగతా 87 శాతానికి ఆ స్థాయి ముప్పు లేదు. రక్తపరీక్షతో తేలే విషయం ఇది, చర్మం చూసి ఊహించాల్సిన పని లేదు. అమెరికా జనాభాలో 13 శాతం ఉన్నవారు డయాలిసిస్ రోగుల్లో మూడోవంతు దాకా ఎందుకున్నారంటే, జన్యువు ఒక్కటే జవాబు కాదు. బీపీ, షుగర్ ఆలస్యంగా బయటపడటం, ఇన్సూరెన్స్ లేకపోవడం, స్పెషలిస్టు దగ్గరికి ఆలస్యంగా చేరడం, ఇవన్నీ కలిశాయి. పైన చెప్పిన గుణకం ఆ ఆలస్యానికి తన వంతు కలిపింది.

ఇక చేతిలో రిపోర్టు ఉన్నవాళ్లకి. ఫార్ములా పేరు 'సీకేడీ-ఎపి 2021' అని ఉందో లేదో చూడండి. ఇంకా రెండు వరుసలు వస్తుంటే ల్యాబుని నిలదీయండి. పైన చెప్పిన 50 ఏళ్ల మనిషికి కొత్త లెక్కలో 19.7 వస్తుంది, ఏ జాతివారికైనా అదే. అంకె ఏదైనా నిర్ణయానికి సరిగ్గా అంచున ఉంటే సిస్టాటిన్-సి (కిడ్నీ వడకట్టే ఇంకో పదార్థం) రక్తపరీక్ష కూడా చేయించి, క్రియాటినిన్, అది రెండూ కలిపిన ఫార్ములాలో వేయించాలి. సిస్టాటిన్ మీద కండ ప్రభావం బాగా తక్కువ. అయితే స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నా, ఒళ్లు బాగా ఎక్కువున్నా, పొగతాగినా సిస్టాటిన్ పెరుగుతుంది, అది డాక్టరుకి ముందే చెప్పాలి. క్రియాటినిన్‌ని పాడుచేసేవి వేరే ఉన్నాయి: పరీక్షకి ముందు బాగా మాంసం తినడం, జిమ్ క్రియాటిన్ పొడి, ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ మాత్ర. కాలు తీసేసినవాళ్లలో, బాగా చిక్కిపోయినవాళ్లలో అది తప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది. విజయవాడలో 72 ఏళ్ల అమ్మగారి క్రియాటినిన్ 1.1 వస్తే ఇంట్లోవాళ్లు "నార్మలేగా" అంటారు. ఈజీఎఫ్ఆర్ వేస్తే 53, అంటే కిడ్నీ పని తగ్గినట్టే.

అపోహ: టస్కీగీలో నల్లవారికి సిఫిలిస్ ఎక్కించారు

ఎక్కించలేదు. జరిగింది వేరు, అది ఇంకా నీచం. 1932 నుంచి 1972 దాకా అలబామాలో, టస్కీగీ ఊరున్న మేకన్ కౌంటీలో అమెరికా ప్రజారోగ్య శాఖ 600 మంది నల్లజాతి మగవారిని గమనించింది. 399 మందికి అప్పటికే సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. జబ్బు పేరు చెప్పకుండా 'చెడు రక్తం' అన్నారు. 1947కల్లా పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయినా వాళ్లకి ఇవ్వలేదు. శవపరీక్షకి ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. పీటర్ బక్స్‌టన్ అనే ఉద్యోగి బయటపెట్టి, 1972 జులైలో పత్రికల్లోకి వచ్చాకే ఆగింది. అధ్యక్షుడి క్షమాపణ 1997 మే 16న వచ్చింది.

ఒక నల్లజాతి పెద్దాయన బయాప్సీకి సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే "వీళ్లు డాక్టర్ని నమ్మరండీ" అని విసుక్కోవడం మన వార్డుల్లోనూ వినిపిస్తుంది. ప్రశ్నలకి జవాబు చెప్పండి, కాగితం చదివి వినిపించండి, వద్దంటే మళ్లీ వచ్చినప్పుడు అడగండి.

మిగతావి త్వరగా

"వాళ్ల చర్మం మందం, నొప్పి తెలియదు." అబద్ధం. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది తెల్లజాతి వైద్యవిద్యార్థులను, రెసిడెంట్లను అడిగితే సగం మంది ఇలాంటి తప్పుడు నమ్మకం ఒక్కటైనా నిజమేనన్నారు. ఆ నమ్మకం ఉన్నవారు నొప్పికి చికిత్స కూడా సరిగా సూచించలేదు.

"ఊపిరితిత్తులు వాళ్లకి చిన్నవి." 1851లో పారిపోయే బానిసలకి ఒక మానసిక జబ్బుని అంటగట్టిన లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ ప్రచారం చేసిన మాటల్లో ఇదొకటి. స్పైరోమీటర్లలో (ఊపిరి కొలిచే యంత్రాల్లో) 'నార్మల్' అంకెని నల్లవారికి 10-15 శాతం, ఆసియావారికి 4-6 శాతం తగ్గించే 'సవరణ' మొన్నమొన్నటిదాకా ఉంది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023లో దాన్ని వదిలేయమంది.

"సికిల్ సెల్ నల్లవాళ్ల జబ్బు." అది మలేరియా ఉన్న నేలల జబ్బు. మన మన్యంలో, ఆదిలాబాద్ గూడేల్లో ఉంది. నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన సికిల్ రోగిని మత్తుమందు కోసం వచ్చాడని అనుమానించడం మానండి. వచ్చిన గంటలోపు మొదటి నొప్పి మందు పడాలి, 30-60 నిమిషాలకోసారి మళ్లీ చూడాలి.

"ఆక్సీమీటరు రంగు చూడదు." చూస్తుంది. ఎరుపు కాంతిని మెలనిన్ పీల్చుకుంటుంది. 2020 డిసెంబరులో వచ్చిన మిషిగన్ అధ్యయనంలో, ఆక్సీమీటరు 92-96 చూపించినా ధమని రక్తంలో ఆక్సిజన్ 88కి తక్కువున్న సందర్భాలు నల్లజాతివారిలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. చామనఛాయ దాటిన మన చర్మానికీ ఇదే జాగ్రత్త. ఆయాసం ఉండి అంకె 94 ఉందని ఇంటికి పంపేస్తుంటే, ఏబీజీ (ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్ కొలిచే పరీక్ష) చేయమని అడగండి.