బహుమతి కోసమా, బాణీ కోసమా? ఐర్లండ్ కోల్తస్ నేపథ్యం

ఐర్లండ్‌లో ఏటా ఆగస్టులో ‘ఫ్లా హ్యోల్’ అనే సంప్రదాయ సంగీతోత్సవం జరుగుతుంది. ఏ ఊరికి ఆ అవకాశం వస్తే ఆ ఊరు వారం రోజులపాటు ఫిడేళ్లు, ఫ్లూట్లు, అకార్డియన్లతో మోగిపోతుంది. దీన్ని నడిపేది కోల్తస్ క్యోల్తోరీ ఏరన్ అనే స్వచ్ఛంద సంఘం. అందరూ ‘కోల్తస్’ అనే అంటారు. సరదాగా కూర్చుని వాయించుకునే సంగీతానికి మార్కులు, కప్పులు ఎందుకన్న తగువు మాత్రం దాన్ని ఎప్పుడూ వదల్లేదు. అది ఎక్కడ మొదలైందో తెలియాలంటే సంఘం పుట్టకముందు రోజులు చూడాలి.

అప్పట్లో పల్లెల్లో సంగీతమంటే ఎవరింటి వంటగదిలోనో, నాలుగు దారుల కూడలిలోనో రాత్రి జరిగే నాట్యానికి వాయించేదే. 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. బహిరంగ నాట్యానికి కోర్టు నుంచి లైసెన్స్ కావాలంది. ఇళ్లలో జరిగేవాటిని ఆపమని అందులో లేదు. అయినా చాలాచోట్ల చర్చి ఫాదర్లు, పోలీసులు కలిసి వాటినీ ఆపించారు. నాట్యం హాళ్లలోకి చేరింది. అంత పెద్ద హాల్లో ఒక్క ఫిడేలు ఎవరికి వినపడుతుంది? బ్యాండ్లు వచ్చాయి. దీనికి వలస తోడైంది. ఒక్క 1950లలోనే నాలుగు లక్షల మందికి పైగా దేశం విడిచారు. అసలు ఈ సంగీతం బయటి దేశాల్లో బతకడం అప్పటికే పాత సంగతి. ఐరిష్ బాణీల్లో పేరుమోసిన సంకలనాన్ని 1903లో అచ్చువేసింది ఐర్లండ్ నుంచి అమెరికా వలసవెళ్లి చికాగో పోలీస్ అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్. అందులో 1850 బాణీలున్నాయి!

డబ్లిన్‌లో మాత్రం కొద్దిమంది పట్టు వదల్లేదు. చంక కింద కొలిమితిత్తి లాంటిదాన్ని మోచేత్తో ఒత్తుతూ వాయించే ‘ఇలన్ పైప్స్’ కళాకారుల క్లబ్ 1900లో మొదలై, మధ్యలో మూతపడి, 1936లో లియో రౌసమ్ చొరవతో మళ్లీ తెరుచుకుంది. 1951 జనవరిలో ఆ క్లబ్ సభ్యులు ఐర్లండ్ నడిబొడ్డున ఉన్న ముల్లింగార్ అనే ఊరికి వెళ్లి అక్కడివాళ్లతో కూర్చుని సంఘం పెట్టాలని తేల్చారు. మే నెలలోనే తొలి ఫ్లా జరిగింది. ఇప్పుడున్న పేరు 1952లో వచ్చింది.

పోటీలు పెట్టడం వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. ఐరిష్ (గేలిక్) భాషను బతికించడానికి సాగిన ఉద్యమ కాలం నుంచీ పోటీలు మామూలే. పాతకాలపు మోటు సంగీతమని చిన్నచూపు చూసిన చోట ఒక రైతు వేదికెక్కి కప్పు అందుకోవడం చిన్న విషయం కాదు. కానీ నా దృష్టిలో ఫ్లా అసలు లాభం వేదిక మీద రాలేదు, కింద వీధుల్లో వచ్చింది. ఒకరి పేరు ఒకరు వినడమే తప్ప ఎన్నడూ కలవని కళాకారులు అక్కడ పక్కపక్కన కూర్చుని వాయించారు. తరతరాల ఆచారంలా కనిపించే పబ్ సెషన్, అంటే పబ్‌లో కళాకారులు చుట్టూ కూర్చుని కలిసి వాయించుకోవడం కూడా నిజానికి 1940ల చివర్లో లండన్‌లోని ఐరిష్ వలస కార్మికుల మధ్య ఊపందుకున్నదే. దాన్ని ఐర్లండ్ అంతటా పాకించడంలో ఫ్లాలది పెద్ద చెయ్యి.

సంఘానికి పునాది ఊరి శాఖలే. సభ్యులు ఎన్నుకున్న కమిటీ సాయంత్రాలు హాలు చూసుకుని పిల్లలకు క్లాసులు నడుపుతుంది. వాటిపైన కౌంటీ (జిల్లా లాంటిది), ప్రొవిన్స్ (కొన్ని కౌంటీల ప్రాంతం), కేంద్ర మండలి. పోటీలూ ఇదే నిచ్చెన ఎక్కుతాయి. కౌంటీలో, తర్వాత ప్రొవిన్స్‌లో నెగ్గుకొస్తేనే ఫ్లాలో జరిగే ఆల్ ఐర్లండ్ పోటీకి అర్హత. పిల్లలు ఏళ్లతరబడి సాధన చేసేది దీనికోసమే. జడ్జీలకు నచ్చే తీరుకే అందరూ అలవాటుపడి క్లేర్ కౌంటీ వాయింపు, డొనెగాల్ కౌంటీ వాయింపు అన్న తేడా చెరిగిపోతోందన్న ఆరోపణ కూడా ఇక్కడినుంచే వచ్చింది.

దానికి జవాబు మాటల్లో కాక వేరే సంస్థల రూపంలో వచ్చింది. 1968లో పైపర్లు తమకంటూ విడిగా ‘నా పీబరీ ఇలన్’ పెట్టుకున్నారు. 1973లో క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్బేలో ఆ ఊరి పైపర్ విల్లీ క్లాన్సీ పేరిట వేసవి బడి మొదలైంది. అక్కడ పోటీలే లేవు, క్లాసులు, సెషన్లు అంతే.

రాజకీయమూ దూరంగా లేదు. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో విచారణ లేకుండా జనాన్ని నిర్బంధించడానికి నిరసనగా 1971 ఫ్లాను కోల్తస్ రద్దు చేసింది. సంగీత సంఘానికి ఇదంతా ఎందుకని సభ్యుల్లోనే కొందరు మండిపడ్డారు. సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో ఫ్లా జరగడానికి 2013 దాకా పట్టింది. దానికి వచ్చినవాళ్లు నాలుగు లక్షలు దాటారని నిర్వాహకుల లెక్క.

ఈలోగా సంఘానికి ప్రభుత్వ నిధులు, జీతాల సిబ్బంది, భవనాలు వచ్చాయి. ఊళ్లో జీతం లేకుండా పనిచేసేవాళ్లకూ కేంద్రానికీ మధ్య లాగులాట పెరిగింది. 2008లో డబ్లిన్‌లోని క్లాంటార్ఫ్ శాఖను కేంద్ర నాయకత్వం రద్దు చేసేసింది. గొడవ పోటీల గురించి కాదు, ఆ శాఖ నడిపిన సాంస్కృతిక కేంద్రం ఎవరి అజమాయిషీలో ఉండాలన్న దాని గురించి.