పచ్చ రేణువు పెరగకూడదు

ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక నల్లని సిరామిక్ సుమారు 92 కెల్విన్ దగ్గరే అతివాహకంగా, అంటే విద్యుత్తును నిరోధం లేకుండా మోసేదిగా మారుతుందని 1987లో తెలిసినప్పుడు, 77 కెల్విన్ దగ్గర మరిగే చవకైన ద్రవ నైట్రోజన్‌తోనే పని గడిచిపోతుందని శాస్త్రజ్ఞులు సంబరపడ్డారు. తీరా పొడిని బిళ్లగా అదిమి కాల్చి చూస్తే, అది మోయగలిగిన విద్యుత్తు బహు స్వల్పమని తేలింది. ఒక్కొక్క రేణువులో ధారాళంగా పారే విద్యుత్తు, పక్క రేణువులోకి దాటవలసిన సరిహద్దు దగ్గర సన్నగిల్లిపోయేది.

1988లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో సుంగ్‌హో జిన్ బృందం ఈ పదార్థాన్ని కరిగించి, ఒకే దిశలో పేరుకునేలా నెమ్మదిగా చల్లార్చింది. లోహాల పాళ్లను బట్టి ‘123’ అని పిలిచే ఈ సిరామిక్, గాలిలో సుమారు 1010 డిగ్రీల సెల్సియస్ దాటాక మైనంలా పూర్తిగా కరగదు. ‘211’ అనే ఆకుపచ్చ ఘన రేణువులుగానూ, బేరియం, రాగి నిండిన ద్రవంగానూ విడిపోతుంది. దానిపై చిన్న విత్తన స్ఫటికాన్ని ఉంచి, గంటకు డిగ్రీ చొప్పునో ఇంకా నిదానంగానో చల్లారిస్తే, దారం చుట్టూ పటికబెల్లం పేరుకున్నట్లు 123 మళ్లీ ఒకే పెద్ద ముక్కగా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు కావలసిన ఇట్రియాన్ని పచ్చ రేణువులే కరుగుతూ అందిస్తాయి. కరగక మిగిలినవి స్ఫటికంలో చిక్కుకుపోతాయి.

చిక్కుకున్న ఆ రేణువులు అతివాహకాలు కావు. అయినా తయారీదారులు మొదట్లోనే మరికొంత 211ను కావాలని కలుపుతారు. అతివాహకంలోకి అయస్కాంత క్షేత్రం సన్నని సుడుల రూపంలో చొరబడుతుంది. విద్యుత్తు పారినప్పుడు ఆ సుడులు కదిలితే శక్తి నష్టమవుతుంది. పచ్చ రేణువుకూ నల్లని స్ఫటికానికీ మధ్యనున్న హద్దు వాటిని మేకులా పట్టి ఉంచుతుంది. అదే ఘనపరిమాణంలో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులకు బదులు 1 మైక్రాన్‌వి ఉంటే, ఆ హద్దు వైశాల్యం 5 రెట్లవుతుంది.

చిక్కల్లా, వేడి ద్రవంలో చిన్న రేణువులు కరిగి పెద్దవాటికి మేత కావడమే. మొత్తం బరువులో అర శాతం ప్లాటినం, లేదా ఒక శాతం సీరియం ఆక్సైడ్ కలిపితే పచ్చ రేణువుల ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. ప్లాటినం రేణువు ఆకారాన్ని కూడా మారుస్తుంది: నునుపుగా రుద్దిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే, గుండ్రటి దిమ్మల స్థానంలో సన్నని సూదులు కనిపిస్తాయి. అద్దాలకు మెరుగుపెట్టే సీరియం ఆక్సైడే దాదాపు అదే మేలు చేస్తున్నప్పుడు, ప్లాటినం కోసం అంత ఖర్చు పెట్టడం నాకు దుబారాగానే తోస్తుంది. ఏదైనా మోతాదు మించితే, అక్కరకు రాని కొత్త సమ్మేళనాలు స్ఫటికంలో చేరతాయి.

వెండి చేసే పని వేరు. పెరిగిన స్ఫటికానికి ఆక్సిజన్ పట్టించడానికి 400–500 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచాలి. ఆ సమయంలో జాలకం, అంటే స్ఫటికంలోని పరమాణువుల అల్లిక ముడుచుకుని సన్నని బీటలు పడతాయి. వెండి ముక్కలోని రంధ్రాల్లో నిండి, బీటలను తగ్గించి దానికి గట్టితనాన్నిస్తుంది, కరిగే ఉష్ణోగ్రతను కూడా తగ్గిస్తుంది. 2014లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇట్రియం స్థానంలో గాడోలినియం ఉన్న, వెండి కలిపిన రెండు బిళ్లల మధ్య 26 కెల్విన్ దగ్గర 17.6 టెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని బంధించగలిగారు. అంత క్షేత్రం లోపలినుంచి నెట్టే బలానికి వెండి ఒక్కటే చాలదు కనుక, బిళ్లల చుట్టూ ఉక్కు కట్టు కూడా బిగించారు.