ఒకినావా స్థావరాల గొడవ: వేళ్లు 1945 యుద్ధంలో

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో, హెనోకో తీరంలో సముద్రాన్ని పూడ్చి అమెరికా మెరైన్లకు వైమానిక స్థావరం కట్టే పనిని అక్కడి జనం ఏళ్ల తరబడి ఎదిరిస్తున్నారు. 2019లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో సుమారు 72 శాతం మంది వద్దన్నారు. పని ఆగలేదు. జపాన్ నేలలో 0.6 శాతమే ఉన్న ఈ దీవులు, ఆ దేశంలో అమెరికా సైన్యం తనకోసమే వాడుకునే స్థలంలో దాదాపు 70 శాతాన్ని మోస్తున్నాయి.

ఒకినావా ఒకప్పటి ర్యూక్యూ రాజ్యం. జపాన్ దాన్ని 1879లో కలిపేసుకుంది. 1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ప్రధాన దీవి పడమటి ఒడ్డున దిగినప్పుడు అడ్డుకున్నవాళ్లు దాదాపు లేరు. జపాన్ జనరల్ ఉషిజిమా సైన్యం షురి కోట కింద సొరంగాల్లో కాచుకుని ఉంది. ఆ సైన్యం పని గెలవడం కాదు, జపాన్ ప్రధాన దీవుల మీద దాడిని వీలైనంత కాలం ఆలస్యం చేయడం. మే చివరికి షురి నిలవదని తేలిపోయింది. అప్పుడైనా లొంగిపోయి ఉంటే వేలమంది బతికేవారు. సైన్యం మాత్రం దక్షిణానికి జరిగింది. అక్కడి గుహల్లో అప్పటికే కుటుంబాలు తలదాచుకుని ఉన్నాయి. సైనికులు చాలామందిని బయటికి గెంటేశారు. స్థానిక భాష మాట్లాడినవారిని గూఢచారులని చంపారు. శత్రువుకి చిక్కొద్దంటూ గ్రెనేడ్లు చేతికిస్తే, కన్నవాళ్లే పిల్లల్ని చంపుకుని చచ్చిపోయారు. గాయపడినవారికి సేవ చేయడానికి తీసుకెళ్లిన హిమేయురి అనే దళంలోని విద్యార్థినులు, ఉపాధ్యాయులు 240 మందిలో 136 మంది తిరిగిరాలేదు. జూన్ చివరివారానికి రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. ఒకినావా వాసుల్లో నలుగురికి ఒకరు పోయారు. కాపాడాల్సిన సైన్యమే వాళ్లను బలిపెట్టింది.

బతికినవాళ్లు శిబిరాల్లో ఉండగానే వాళ్ల ఊళ్ల మీద, పొలాల మీద అమెరికా రన్‌వేలు లేచాయి. అమెరికా మెరైన్ల ఫుటెన్మా వైమానిక స్థావరం అలా పుట్టిందే. 1952లో జపాన్‌కు స్వాతంత్ర్యం తిరిగొచ్చినా ఒకినావా అమెరికా చేతిలోనే ఉండిపోయింది. అంతకు ముందటి ఏడాది జపాన్‌తో శాంతి సంధి కోసం జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకు భారత్ వెళ్లకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ దీవుల సంగతీ ఒకటి. 1950లలో తుపాకులు, బుల్డోజర్లు తెచ్చి ఇంకా భూములు లాక్కున్నారు. 1972 మే 15న దీవులు జపాన్‌కు తిరిగొచ్చాయి. స్థావరాలు మాత్రం కదల్లేదు.

1995లో ముగ్గురు అమెరికా సైనికులు 12 ఏళ్ల బాలికపై అత్యాచారం చేయడంతో జనం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది ఫుటెన్మాను తిరిగిచ్చేస్తామని ఒప్పందం కుదిరింది. అయితే బదులు స్థావరం కట్టివ్వాలి, అదీ ఒకినావాలోనే. హెనోకో అలా తెరమీదికి వచ్చింది.

పూడికకు మట్టిని దక్షిణ ఒకినావా నుంచీ తవ్వి తేవచ్చని 2020లో జపాన్ ప్రభుత్వం ప్రణాళికలో చేర్చడంతో పాత గాయం మళ్లీ రేగింది. ఆఖరి వారాల్లో జనం కుప్పలుగా చనిపోయింది అక్కడే. ఇప్పటికీ ఎముకలు బయటపడుతున్న నేల అది. అస్థికలున్న మట్టిని పూడికకు వాడొద్దని 2021 ఏప్రిల్‌లో ఒకినావా శాసనసభ ఏకగ్రీవంగా కోరింది. స్థావరాలపై ఎప్పుడూ రెండుగా చీలిపోయే సభ అది.