సైకిల్ క్యాసెట్ మార్చారా? స్క్రూడ్రైవర్ కాసేపు పక్కన పెట్టండి (అపోహలు - వాస్తవాలు)

నరసింహకొండ ఎక్కాలంటే ఆయాసంగా ఉందని సైకిల్ వెనక చక్రానికుండే క్యాసెట్ (గేరు పళ్ల చక్రాల గుత్తి), పెద్ద చక్రానికి 28 పళ్లున్నది తీసేసి 32దో 34దో వేయించుకోవడం మన నెల్లూరు కుర్రాళ్లకి మామూలైపోయింది. మర్నాడే "అన్నా, గేర్లు సరిగా పడట్లా, స్క్రూలు తిప్పి చూశా, ఇంకా చెడింది" అంటూ షాపుకొస్తారు. చెడకేం చేస్తుంది!

అపోహ: గేరు పడకపోతే హెచ్, ఎల్ స్క్రూలు తిప్పాలి.

వాస్తవం: పొలానికి గట్టు ఎలాగో, చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్‌కి ఆ రెండు స్క్రూలు అలాగ. చైన్ చిన్న చక్రం దాటి ఫ్రేము సందులో ఇరుక్కోకుండా హెచ్, పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడకుండా ఎల్ ఆపుతాయి, అంతే. 8 స్పీడ్ (ఎనిమిది చక్రాల) క్యాసెట్ తీసి 8 స్పీడే వేసినప్పుడు చివరి చక్రాలు దాదాపు పాత చోటే ఉంటాయి కాబట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు, చాలాసార్లు ముట్టుకునే పనే ఉండదు. మధ్య గేర్లు తడబడుతున్నాయంటే అది గేరు కేబుల్ టెన్షన్ (బిగువు). డీరైలర్‌లోకి కేబుల్ దూరే చోట చేత్తో తిప్పే బ్యారెల్ ఉంటుంది చూడండి, సైకిల్ వెనక నిలబడి చూస్తూ, చైన్ పెద్ద చక్రం ఎక్కడానికి మొరాయిస్తే గడియారం ముల్లుకు ఎదురుగా, చిన్నదానికి దిగనంటే ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఒకసారికి పావు చుట్టే. తిప్పండి, పెడల్ తొక్కండి, చూడండి, మళ్లీ తిప్పండి.

అపోహ: బి స్క్రూతో మనకి పనిలేదు.

వాస్తవం: డీరైలర్‌ని పళ్లకి దగ్గరికీ దూరానికీ జరిపేది ఈ స్క్రూయే, పెద్ద క్యాసెట్ వేశాక అసలు పని దీనితోనే. చైన్‌ని పెద్ద చక్రం మీద పెట్టి చూడండి, డీరైలర్ పై పుల్లీకీ (చైన్ తిరిగే చిన్న చక్రానికీ) ఆ పళ్లకీ మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు ఉండాలి. గరగరమని రాసుకుంటుంటే బి బిగించండి, మరీ బిగిస్తే గేరు బద్ధకంగా పడుతుంది. షిమానో టోర్నీ టీవై300 లాంటి డీరైలర్‌కి కంపెనీ ఇచ్చిన హద్దు 34 పళ్లు, 36 వేసి ఏ స్క్రూ తిప్పినా నేను హామీ ఇవ్వను.

అపోహ: పాత చైనే చాలు.

వాస్తవం: స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే కొత్త చైన్ సరిగ్గా 12 అంగుళాలు, అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయాలి. సాగిన చైన్ కొత్త పళ్ల మీద తొక్కగానే జారుతుంది, దానికి సెట్టింగ్ లేదు. పొడవూ చూడాలి: చైన్‌ని డీరైలర్‌లోంచి పోనివ్వకుండా, ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కలిసిన చోటికి ఇంకో రెండు లింకులు. పొట్టి చైన్ పెద్దదానికెక్కితే డీరైలర్ విరిగి చేతికొస్తుంది.

మైపాడు బీచ్‌కి తరచూ వెళ్లే సైకిళ్లకి ఇంకో సంగతి. గేరు ఎక్కుతుంది గానీ దిగదు. ఉప్పుగాలికి ఔటర్ (కేబుల్ పైతొడుగు) లోపల కేబుల్ తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. బ్యారెల్ ఎంత తిప్పినా దండగ, కేబుల్, ఔటర్ రెండూ మార్చండి.

ఇవన్నీ చేసినా సగం గేర్లు బాగుండి సగం ఏడిపిస్తుంటే హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగిందేమో చూడండి. సైకిల్ కుడివైపుకి పడితే ముందు వంగేది అదే.